గోడ అవతలి షడ్జమం

ధర్మవరం నేతగాళ్ల వీధిలో ఉమాదేవిని అందరూ 'ఒంటిపాట ఉమక్క' అంటారు. ఆ పేరు పెట్టింది వేరెవరో కాదు, ఆమె అత్త తిప్పమ్మ. కోడలు కాపురానికి వచ్చిన నాటినుంచీ పాడుతున్నది ఒకే పాట అనీ, అందులో ఉన్నవి రెండే పంక్తులనీ, ఆ రెండు పంక్తులు ముగిసేసరికి పొయ్యి మీద ఎసరు ఇంకిపోతుందనీ తిప్పమ్మ ఫిర్యాదు. ఫిర్యాదులో చెప్పిన సంగతులన్నీ నిజమే. వాటినుంచి ఆమె తీసిన తీర్పు ఒక్కటే అన్యాయం.

ఉమాదేవికి వచ్చింది ఒక్క రాగం. దాని పేరు భీమ్‌పలాసి. కర్ణాటక సంగీతం విన్న చెవులకు అది ఆభేరిని గుర్తు చేస్తుంది గానీ, నడక వేరు. హిందుస్తానీ గాయకులు ఖయాల్ పాడేటప్పుడు పాటను ముందుకు పరుగెత్తించరు. ఒక స్వరం దగ్గరికి పోయి, అక్కడ కూర్చుని, దాని మంచిచెడ్డలు విచారించి, సెలవు పుచ్చుకుని గానీ తర్వాతి స్వరం గడప తొక్కరు. కింది స్థాయిలో మొదలైన పాట పై షడ్జమం చేరేసరికి తబలా ఎన్నో ఆవర్తాలు తిరిగి వస్తుంది. తొందర ఉన్నవాళ్లకు అది నస. తొందర పడితే పోగు తెగుతుందని తెలిసిన ఇంట్లో పుట్టింది కాబట్టి ఉమాదేవికి అది చిన్ననాడే ఒంటబట్టింది.

నేర్పినవాడు కుళ్లాయప్ప. పాఠశాలలో కాదు, మగ్గం గుంట పక్కన నేర్పినాడు. మగ్గం మీది పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. వేలాది పోగులు. వేళ్లకు బూడిద అద్దుకుని ఇంటింటికీ తిరిగి ఆ పని చేసేవాళ్లను అతికేవాళ్లు అంటారు. కుళ్లాయప్ప పుట్టుకతో అతికేవాడు కాదు. వయసులో బళ్లారి వైపు నాటకాల కంపెనీలో హార్మోనియం వాయించినాడు. అంతకు ముందు ధార్వాడ పక్కన ఒక మఠంలో అన్నం తిని, అక్కడి గురువు కాళ్ల దగ్గర ఖయాల్ నేర్చుకున్నాడు. హిందుస్తానీ సంగీతం ఎక్కడో గంగ ఒడ్డుదని అనుకునేవారికి ఈ పీఠభూమి సంగతి తెలియదు. ఇక్కడికి అది కన్నడ దేశం మీదుగా, తెరలూ కిరీటాలూ మోసుకొచ్చిన నాటకాల లారీల్లో ఏనాడో వచ్చింది. కంపెనీలు మూతపడిన తర్వాత లారీలు వెనక్కి పోయినాయి. కుళ్లాయప్ప ఇక్కడే మిగిలిపోయినాడు. హార్మోనియం మెట్లకు అలవాటు పడిన వేళ్లు పట్టుపోగులకు సులభంగానే వంగినాయి.

ఆయన పోగులు అతుకుతూ పాడేవాడు. ఉమాదేవి తండ్రి మార్కండేయ మగ్గం మీద పని పడినప్పుడల్లా, పదేళ్ల ఉమ పలక పక్కన పెట్టి వచ్చి ఆయనకు ఎదురుగా కూర్చునేది.

"తాతా, ఎంతసేపు అదే అంటాండావు? తర్వాత మాట మర్సిపోయినావా?"

"మాట యాడికి పోతాది మే. ఆడనే ఉంటాది. ముందు సా కుదరాల."

"కుదిరిందా?"

"నీ నోరు మూస్తే కుదుర్తాది."

అట్లా మొదలైంది. మొదటి ఏడాది ఆమెకు ఆయన నేర్పింది సా ఒక్కటే. షడ్జమం. గోడకు ఆనించిన ఆయన తంబూరా నాలుగు తీగెలు మోగుతుంటే, ఆ మోతలోకి తన గొంతును దించి, రెండింటికీ మధ్య అతుకు కనబడకుండా నిలపాలి. "సా అంటే పడుగు పాపా," అనేవాడు. "పడుగు వదులైతే నువ్వు ఎంత జరీ ఏసినా గుడ్డ ముడతలే." రెండో ఏట భీమ్‌పలాసి ఎత్తుకున్నారు. ఎక్కేటప్పుడు ఐదు స్వరాలు, దిగేటప్పుడు ఏడు. ప్రాణమంతా మధ్యమంలో ఉంటుంది. పొద్దు నడినెత్తి దాటి వాలుతున్న జాము దాని వేళ.

"పొద్దున్నే పాడితే ఏమైతాది తాతా?"

"ఏమీ గాదు. మధ్యాన్నం తినాల్సిన సంగటి తెల్లార్తో తిన్నట్ల ఉంటాది. కడుపు నిండుతాది గానీ రుచి తెలీదు."

ఆ మాటను ఉమాదేవి వేదంగా పట్టుకుంది. ఏనాడూ ఆ రాగాన్ని వేళ తప్పించి పాడలేదు. పక్క వీధిలోని నాగేశ్వరతో పెండ్లి అయినాక కూడా పాఠం ఆగలేదు. ఎందుకంటే అతికేవాడికి ఏ ఇంటి గడపా అడ్డం కాదు. కోడలు పరాయి మగవాడితో మాట్లాడితే ఊరుకోని తిప్పమ్మ, పడుగు అతికే ముసలాయన పక్కన కూర్చుని రాగం తీస్తే మాత్రం పని జరుగుతోంది కదా అని ఊరుకునేది. ఊరుకోవడమంటే నోరు మూసుకోవడం కాదు.

"ఏమ్మే, ఆ పాట ఏంది, ఇంట్లో ఎవరో పోయినట్ల?"

"ఇంకా పోలేదులే అత్తా."

"నన్ను చూసే అంటాండావా?"

"నిన్ను చూస్తే పాటే రాదు."

నాగేశ్వర పేక పోగు నడిపే నాడె విసరడం ఆపి నవ్వేవాడు. ఆ ఇంట్లో నవ్వులు ఉండిన కాలం అది.

కుళ్లాయప్ప నియమం ఒకటుంది: ఒక రాగం నీదైన తర్వాతే రెండోదాని పేరెత్తాలి. భీమ్‌పలాసి ఉమాదేవిదైందని ఆయన ఒప్పుకున్న ఏడు ఎండ మరీ కాసింది. వానకు మొగం వాచిన నేల నోరు తెరిచినట్లే, ఆయన తంబూరా సొరకాయ బుర్ర కూడా నిలువునా పగిలింది. బాగు చేయించాలంటే తంబూరాలు చేసే మిరజ్‌కు పంపాలి. పంపే స్తోమత అతికేవాడికి లేదు. అంతలో ఆయనే మంచం పట్టినాడు. చూడటానికి పోయిన ఉమాదేవి కంటి చూపు పగిలిన బుర్ర మీదే ఉండటం గమనించి ఆయన చెప్పిన మాట ఆమె బతుకును శాసించింది.

"దానికోసరం ఏడవొద్దు. తీగెలు యాడో ఒక చోట మోగుతానే ఉంటాయి లోకంలో. నిలకడగా ఏది మోగుతాంటే దాంట్లోనుంచి సా పట్టుకో."

రెండో రాగం పేరు చెప్పకుండానే ఆయన పోయినాడు.

*

దేశంలో ఒక చట్టం ఉంది. కొన్ని రకాల బట్టలు, అందులో జరీ అంచు పట్టుచీరలు, చేతిమగ్గం మీదే నేయాలని అది శాసిస్తుంది. చట్టం పుస్తకంలో ఉంది. మరమగ్గం వీధిలో ఉంది. రెండూ ఎదురుపడిన రోజున ఏది పక్కకు తప్పుకుంటుందో ధర్మవరంలో అందరికీ తెలుసు. నాగేశ్వర కొన్నేళ్లు మొండిగా చేతిమగ్గాన్నే నమ్ముకున్నాడు, మరమగ్గాలకు వ్యతిరేకంగా కలెక్టరాఫీసు ముందు ధర్నాలో కూడా కూర్చున్నాడు. ఆ తర్వాత సావుకారు చేతిమగ్గానికి పట్టు ఇవ్వడం మానేసినాడు. ధర్నాకు తోడు వచ్చినవాళ్లే ఒక్కొక్కరుగా యంత్రాలు దించుకున్నారు. చివరికి వంటిల్లు సగానికి కుదించి, గోడ కట్టి, గోడ అవతల రెండు మరమగ్గాలు తానూ బిగించుకున్నాడు. ఒక్క చేతిమగ్గాన్ని మాత్రం ఉమాదేవి కోసం గోడ ఇవతల ఉంచినాడు. ఆ పనికి అతడిని తప్పు పట్టడం తేలిక. పట్టినవారు అతని పూటకు ఏర్పాటు చేయగలగాలి.

మరమగ్గం మోత మొదటి వారం ఉమాదేవి తలలో మేకులు కొట్టింది. చెవుల్లో దూది పెట్టుకుంది. రెండో వారానికి ఆ టకటకల అడుగున ఇంకో శబ్దం ఉందని ఆమె చెవి పట్టింది. మోటారు మోత. సన్నబడకుండా, లావెక్కకుండా, ఎక్కడా తెగకుండా, ఒకే మట్టాన సాగే గుంయ్ మనే మోత. మధ్యాహ్నం సంగటి తిన్నాక, అత్త కునుకు తీసే వేళ, ఆమె గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకుని దానిలోకి గొంతు దించి చూసింది. కలిసింది. ఒంట్లో ఎక్కడో ఎండిన చోట నీరు దిగినట్లయింది. నిలకడగా మోగేదాంట్లోనుంచి సా పట్టుకోమన్న ముసలాయన మాట చెల్లిందనుకుంది.

పైగా ఆ మోత ఆమెకు చాటు కూడా. ఇంతకు ముందు గొంతెత్తితే వీధంతా వినేది, ఎగతాళి చేసేది. ఇప్పుడు నిండు గొంతుతో పాడినా గోడ దాటదు. ఈ దేశంలో ఒక ఆడమనిషి మనసారా పాడుకోవాలంటే యంత్రం మోత అయినా అడ్డం ఉండాలేమో. ఫోనులో తంబూరా మోగించే సదుపాయం వచ్చిందని స్నేహితురాలు సువర్ణ తెచ్చి చూపించినప్పుడు ఉమాదేవి ఆశగానే ప్రయత్నించింది. కానీ ఫోను తంబూరా ఒక మట్టంలో, గోడ మోత ఇంకో మట్టంలో. రెండూ ఒకదాన్నొకటి గీరుకుంటూ చెవిలో రంపం పెట్టినాయి. గోడను ఆపలేదు. ఫోనునే ఆపింది.

అట్లా ఏళ్లు గడిచినాయి. పొద్దు వాలే జాములో, గోడకు వీపు ఆనించి, ఒక్క రాగం.

సువర్ణ ఆమె చిన్ననాటి స్నేహితురాలు. పట్టుచీరల అంగట్లో చీరలు మడతపెట్టే పని చేస్తుంది. లోకంలోని వార్తలన్నీ ముందు ఆమె ఫోనుకే వస్తాయి. ఒకరోజు అంగడి నుంచి నేరుగా వచ్చి ఉమాదేవి ముందు కూర్చుంది.

"అనంతపురంలో ఏదో సంగీత పరిషత్తంట. పాట విని, ఒకరిని ఏరి, ధార్వాడలో గురుకులానికి పంపిస్తారంట. రెండేండ్లు. తిండీ, ఉండేదీ వాళ్లదే. హిందుస్తానీ పాటకే."

"చిన్నపిల్లోళ్లకు అయ్యుంటాది."

"ముప్పై అయిదు దాటకూడదంట. నీకు ఎన్ని?"

"మొన్న ముప్పై అయిదు పడింది."

"అయితే ఈ ఏడు పోవాల. వచ్చే ఏడు నిన్ను గడప కూడా తొక్కనియ్యరు."

ఉమాదేవి ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ నాగేశ్వరతో చెప్పింది. రెండో రాగం నేర్చుకోవాలని ఉందనీ, అది ఇక్కడ ఎవరికీ రాదనీ, నేర్చుకుని వస్తే వీధిలోని ఆడపిల్లలకు తాను నేర్పగలననీ. అంత మాట ఆమె ఏనాడూ మాట్లాడలేదు. తిప్పమ్మ చేయి కంచంలోనే ఆగింది.

"పెండ్లాన్ని చదువుకు పంపిచ్చే మొగోన్ని ఈ వీధిలో చూడలేదప్పా."

"ఇప్పుడు చూస్తాండావు గదమ్మా," అన్నాడు నాగేశ్వర తలెత్తకుండా. తర్వాత భార్యతో, "పో. రెండేండ్లు ఎంతలోకి. నేను సంగటి కెలకడం నేర్చుకుంటా. నీకు ఒక రాగం, నాకు ఒక సంగటి."

ఆశ అంతకు ముందు ఆ ఇంట్లో లేక కాదు. పేరు పెట్టి పిలిచింది మాత్రం ఆ పూటనే.

*

పరిషత్తు హాలు చిన్నది. గోడల నిండా శాలువాలు కప్పించుకున్న పెద్దల ఫోటోలు. పాట వినడానికి ధార్వాడ నుంచి వచ్చినావిడ పేరు గిరిజాబాయి. తెల్లని జుట్టు, మెత్తని మాట. పరిషత్తు కార్యదర్శి ఉదయ్ కుమార్ ఆమె పక్కన, గడియారం చూసుకుంటూ. ఉమాదేవి తన వంతును మధ్యాహ్నానికి అడిగి మార్పించుకుంది. రాగం వేళ తప్పకూడదు కదా.

"ఏ శ్రుతి అమ్మా మీది?" అని అడిగింది గిరిజాబాయి కన్నడంలో. ఆ భాష ఉమాదేవికి వచ్చు.

మెట్టు పేరు ఉమాదేవికి తెలియదు. నోరు తెరిచి సా పాడి చూపించింది. హార్మోనియం ముందు కూర్చున్నాయన ఒక మెట్టు నొక్కి, పక్క మెట్టు నొక్కి, నవ్వినాడు. "రెండింటికీ నడుమన పట్టినారు. ఇటు దించమంటారా, అటు ఎత్తమంటారా?"

"మీ ఇష్టం," అంది. ఆ ప్రశ్నకు అర్థం అప్పుడామెకు తట్టలేదు.

ఎలక్ట్రానిక్ తంబూరా మోగింది. తబలా ఆయన సిద్ధమైనాడు. ఉమాదేవి కళ్లు మూసుకుని సా నిలిపింది. గిరిజాబాయి వెన్ను నిటారైంది. కింది నిషాదం మీద ఆమె ఎంతసేపు ఆగాలో అంతసేపు ఆగింది. గాంధారాన్ని మధ్యమం నీడలో ఉంచి చూపించింది. మధ్యమం మీద కూర్చున్నప్పుడు ఉదయ్ కుమార్ కూడా గడియారం చూడటం మరిచిపోయినాడు. వెనక కుర్చీలో సువర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంతసేపు, ఆ హాల్లో, కుళ్లాయప్ప బతికే ఉన్నాడు.

తర్వాత ఏదో జరిగింది. తబలా కొన్ని ఆవర్తాలు తిరిగి వచ్చేసరికి తంబూరా తన చేయి వదిలి పైకి జరుగుతున్నట్లు ఉమాదేవికి అనిపించింది. మొదట వెంట్రుకవాసి. తర్వాత పోగంత. తాను ఉన్నచోటే ఉంది. తన సా కదలలేదని ఆమె ప్రమాణం చేయగలదు. తంబూరాయే లేచిపోతోంది. పట్టుకోబోతే గొంతు వణికింది. యంత్రం పాడైందని అనుకుంది. పాట మధ్యలో ఆపకూడదని కుళ్లాయప్ప నేర్పినాడు కాబట్టి, తన చెవినే నమ్ముకుని చివరికంటా పాడింది.

పాట ముగిసింది. తంబూరా ఒక్కటే మోగుతోంది.

"అమ్మా," అంది ఉమాదేవి, తానే ముందు, "మీ తంబూరా పైకి పోతాంది. చూపిచ్చుకోండి."

ఉదయ్ కుమార్ పక్కున నవ్వి, నవ్వును దగ్గులోకి మార్చినాడు. గిరిజాబాయి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"ఇది ఎక్కడికీ పోదు తల్లీ. మీరే దిగినారు. దాదాపు ఒక మెట్టు దిగినారు." ఆమె గొంతులో నిజంగా బాధ ఉంది. "రాగం ఇంత తెలిసి, శ్రుతి ఇట్లా జారిపోవడం నేను చూడలేదు. మీ గురువు ఎప్పుడూ చెప్పలేదా?"

ఉమాదేవి తనను చెవిటిదంటే ఓర్చుకునేది. వాళ్లు కుళ్లాయప్పను అంటున్నారు. ఏడాది పొడుగునా సా ఒక్కటే నేర్పిన మనిషిని.

తిరుగు రైల్లో సువర్ణ ఆమె చేతికి మరమరాల పొట్లం ఇచ్చింది.

"ఆ మిషన్ చెడిపోయింటాది లే. ఆళ్ల మొగాలు చూసినావా, శాలువాలు కప్పుకునేకి పుట్టినోళ్లు."

"మిషన్ చెడిపోలేదు సువర్ణా."

"మరి?"

"తెలీదు."

*

మరుసటి రోజు మధ్యాహ్నం ఉమాదేవి పాడలేదు. గోడ ముందు కూర్చుని విన్నది. ఫోను తంబూరాను, ఈసారి దాని మీటలన్నీ వెతికి, గోడ మోతకు సరిగ్గా కలిసేవరకూ కింద పైన జరిపి, ఒక చెవికి ఫోను, ఒక చెవికి గోడ పెట్టుకుంది. రెండూ ఒకటిగా మోగినాయి. కాసేపు అట్లాగే. ఉన్నట్టుండి నెత్తిమీది బల్బు కొద్దిగా మబ్బయింది. గోడ అవతలి మోటారు మూలిగింది. ఫోను ఉన్నచోటే ఉంది. గోడ దిగింది. మెల్లగా, మర్యాదగా, ముసలివాడు మెట్లు దిగినట్లు దిగింది.

ఆమె లేచి గోడ అవతలికి పోయింది. నాగేశ్వర తెగిన పోగు ముడివేస్తున్నాడు.

"ఏమప్పా, ఇది ఇప్పుడు నిదానం అయింది గదా?"

"అవుతాది. ఈ టైముకు పల్లెలకు త్రీఫేజు కరెంటు వదులుతారు. బోర్ల మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి. ఓల్టేజీ పడిపోతాది." ముడి బిగించి పోగు కొస కొరికినాడు. "రోజూ ఉండేదే. నీళ్లు ఎంత లోతుకు పోతే అంత పెద్ద మోటారు ఏస్తాండారు. ముందు ఇంత పడేది కాదు. ఏడాదికేడాది ఎక్కువైతాంది. ఏమి అట్ల చూస్తాండావు?"

"రోజూనా?"

"రోజూ. ఎందుకు?"

ఆమె గోడ ఇవతలికి వచ్చి కూర్చుంది. భీమ్‌పలాసి వేళ, బోర్లు లేచే వేళ ఒకటే. పొద్దున పాడుకుని ఉంటే యంత్రం నిలకడగానే మోగేది. వేళ తప్పకూడదన్న నియమాన్ని ప్రాణంగా పాటించినందుకే, కరెంటు కుంగే సమయంలో ఏళ్ల తరబడి దానితోపాటు దిగింది. చెవి చెడి దిగలేదు. చెవి మంచిదై, మోటారును విడవకుండా పట్టుకుని దిగింది. హార్మోనియం రెండు మెట్ల నడుమ పడిన ఆ సా కూడా మోటారుదే. రైతు పాతాళం దాకా నీటికోసం పోవడం తప్పా? కాదు. నాగేశ్వర యంత్రం పెట్టడం తప్పా? చేతిమగ్గానికి పట్టు ఇచ్చి ఉంటే పెట్టేవాడు కాదు. తప్పు ఎవరిదీ కాదని తేలిన వ్యాజ్యంలో కూడా శిక్ష ఎవరో ఒకరు అనుభవించాల్సిందే. ఈ నేల మీద అది ఎప్పుడూ ఇట్లాంటి ఇంటి మీదే పడుతుంది.

సాయంత్రం సువర్ణ పరిషత్తువాళ్లను అడిగి గిరిజాబాయి నెంబరు పట్టుకొచ్చింది. ఉమాదేవి ఆమెకు ఫోను చేసి జరిగింది జరిగినట్లు చెప్పింది. మోటారు, గోడ, బోర్లు. చివరికి అసలు అడగదలచింది అడిగింది.

"తప్పు మా తాతది కాదమ్మా. ఆయన నాకు సా సరిగ్గానే నేర్పినాడు. అది మీరు నమ్మాల."

"నమ్ముతాను. అంత మధ్యమం నేర్పినవాడు శ్రుతి నేర్పకుండా ఉండడు," అంది గిరిజాబాయి. తర్వాత, ఏ చెడు ఉద్దేశమూ లేకుండా, "కానీ తల్లీ, ఫోనులో తంబూరా ఊరికే దొరుకుతుంది కదా. అది పెట్టుకోవలసింది."

"అవునమ్మా," అంది ఉమాదేవి. గోడ సంగతి ఇంకోసారి చెప్పాలనిపించలేదు.

"కమిటీ ఈ వారాంతానికి పేరు ఖాయం చేస్తుంది. అంతలోపల నిలకడైన తంబూరాతో అదే రాగం రికార్డు చేసి పంపండి. శ్రుతి నిలిస్తే మీకోసం నేను మాట్లాడతాను. మాట ఇస్తున్నాను."

వాకిట్లో మంచం మీద కూర్చున్న తిప్పమ్మ అంతా విన్నది. ఈసారి కొడుకును పిలిచింది. "ఒరే, రేపు మధ్యాన్నం ఆ దయ్యాల్ని కాసేపు ఆపు. పిల్ల పాడుకోనీ."

నాగేశ్వర పనిదినం మధ్యలో యంత్రాలు ఆపినాడు. ఆ గదిలో అటువంటి నిశ్శబ్దం మరమగ్గాలు వచ్చిన తర్వాత ఎప్పుడూ లేదు. వీధిలో బుట్టలమ్మే ఆమె కేక కూడా స్పష్టంగా వినిపించింది. ఉమాదేవి ఫోనులో తంబూరా మోగించింది. నాగేశ్వర ఫోనును రికార్డింగులో పెట్టి ఎదురుగా ఉంచింది. అతడు గోడ అవతల స్విచ్చు పక్కన నిలబడినాడు, పొరపాటున కూడా ఎవరూ దాన్ని నొక్కకుండా.

కళ్లు మూసుకుని సా పాడింది. కలిసింది. నిషాదం, గాంధారం. మధ్యమం మీద కూర్చుంది. గొంతు నిండుగా, నమ్మకంగా ఉంది. తబలా లేకపోయినా ఒంట్లోనే లెక్క నడుస్తోంది. పై షడ్జమం ఇక ఎంతో దూరం లేదు.

అప్పుడు, పల్లెల్లో బోర్లు లేచే వేళకు, తంబూరా మళ్లీ పైకి జరగడం మొదలుపెట్టింది.

ఆమె కళ్లు తెరిచింది. గోడ అవతల ఏ మోతా లేదు. బల్బు ఆర్పే ఉంది. దిగడానికి దారి చూపేది ఏదీ ఆ గదిలో లేదు. అయినా గొంతు దిగుతోంది. తనను పిలవకుండానే, తనను అడగకుండానే, ఏళ్లుగా నడిచిన దారిలో తనంతట తాను మెట్లు దిగుతోంది. పైకి లాగి చూసింది. లేచింది. లాగడం మానగానే మళ్లీ జారింది. ఇంకోసారి లాగింది. లాగి పాడేది పాట కాదు. అది ఆమెకు కుళ్లాయప్పే నేర్పినాడు.

తంబూరా ఆపింది. రికార్డింగు ఆపింది. ఎవరికీ పంపకుండా తుడిచేసింది.

గోడ అవతలినుంచి నాగేశ్వర అడిగినాడు. "అయిందా?"

"అయింది."

"పంపిచ్చినావా?"

ఆమె గోడకు వీపు ఆనించి కూర్చుంది. సున్నం చల్లగా తగిలింది.

"ఏసుకో," అంది.

స్విచ్చు పడింది. మరమగ్గాలు కదిలినాయి. టకటకల అడుగున మోటారు మోత లేచి, కుంగిన కరెంటుకు తగిన మట్టాన నిలబడింది. ఉమాదేవి పెదవులు కదపకుండా, గొంతులోనే, సా అంది.

వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది.